ఓఎస్ అప్‌గ్రేడ్‌కి ముందు బ్యాకప్: కాపీ అయ్యాయనుకున్నవి, నిజంగా అయినవి

సి డ్రైవ్‌లో ఉన్నవన్నీ డి డ్రైవ్‌లోకి లాగి పడేసి, "బ్యాకప్ అయిపోయింది, ఇక అప్‌గ్రేడ్ కొట్టెయ్యొచ్చు" అనుకునేవాళ్లు చాలామంది. చాలా లాప్‌టాప్‌లలో ఆ సి, డి రెండూ ఒకే డిస్కు. మధ్యలో గీత గీసి రెండు పేర్లు పెట్టారంతే. డిస్కు పోతే రెండూ కలిసే పోతాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పార్టిషన్ల స్క్రీన్‌లో తొందరపడి డిలీట్ ఒకసారి ఎక్కువ నొక్కినా అంతే సంగతులు. కాపీ ఎక్కడుందో దాన్ని కంప్యూటర్ నుంచి ఊడదీసి పక్కన పెట్టగలగాలి. అప్పుడే అది బ్యాకప్ కింద లెక్క.

ఈ మాట చాలామందికి తెలుసు, ఎక్స్‌టర్నల్ డిస్కు కూడా కొంటారు. అయినా అప్‌గ్రేడ్ తర్వాత "ఆ ఫోల్డరు ఏదీ?" అని వెతుక్కుంటారు. కాపీ చెయ్యడం మర్చిపోయినందువల్ల కాదు, ఆ ఫైళ్లు తాము అనుకున్న చోట లేనందువల్ల. అందుకే ఈ పోస్టులో కాపీ కమాండ్ల కంటే ఏది ఎక్కడ దాక్కుంటుందన్న దానికే ఎక్కువ చోటిస్తున్నాను.

అప్‌గ్రేడ్ మన ఫైళ్ల జోలికి రాదు కదా?

మామూలుగా రాదు. విండోస్ సెటప్ పాత సిస్టమ్‌ని విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి జరిపి కొత్తదాన్ని పెడుతుంది, మన డాక్యుమెంట్లు ఉన్నచోటే ఉంటాయి. కానీ 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809ని మైక్రోసాఫ్ట్ వారం తిరక్కుండానే ఆపేయాల్సి వచ్చింది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను వేరే డ్రైవ్‌కి మళ్లించుకుని, పాత చోట కూడా కొన్ని ఫైళ్లు వదిలేసినవాళ్ల విషయంలో ఆ అప్‌డేట్ పాత ఫోల్డర్‌ని అనవసరమైన నకలుగా లెక్కేసి, లోపలున్న వాటితో సహా తీసేసింది. సరిచేసి మళ్లీ విడుదల చేసింది నవంబర్ 13న. దెబ్బ తగిలింది కొద్దిమందికే. అయితే ఆ కొద్దిమంది తప్పు చేసినవాళ్లేమీ కాదు, ఫోల్డర్లను చక్కగా వేరే డ్రైవ్‌కి సర్దుకున్నవాళ్లు.

"నచ్చకపోతే వెనక్కి వెళ్లొచ్చుగా" అంటారు. వెళ్లొచ్చు, 10 రోజుల్లోపు. ఆ తర్వాత విండోస్.ఓల్డ్‌ని విండోస్ తనంతట తానే తుడిచేస్తుంది. అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల్లోపే విండోస్‌లోనే ఉండే డిస్మ్ అనే కమాండ్‌తో ఆ గడువును 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. కానీ మధ్యలో డిస్క్ క్లీనప్ నడిపి "పాత ఇన్‌స్టలేషన్లు" అన్న దగ్గర టిక్కు పెడితే ఆ దారీ మూసుకుపోతుంది. పైగా విండోస్.ఓల్డ్ ఉండేది కూడా అదే డిస్కు మీద.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. కాబట్టి ఇప్పుడు 11కి మారుతున్న మెషీన్లలో చాలావాటికి డిస్కూ పాతదే. అప్‌గ్రేడ్ అంటే ఆ డిస్కు మీద కొన్ని గంటల పాటు ఎడతెగని పని: డౌన్‌లోడ్, విప్పడం, వేల ఫైళ్లను జరపడం, కొత్తవి రాయడం. నీరసంగా నడుస్తున్న డిస్కు చతికిలపడేది ఇలాంటప్పుడే.

ముందు డిస్కు నాడి చూడండి

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి చిన్న టూల్ చాలు. హార్డ్ డిస్కు అయితే మూడు వరసలు చూడాలి: 05 అనే రీఅలొకేటెడ్ సెక్టార్లు, సి5 అనే పెండింగ్ సెక్టార్లు, సి6 అనే సరిచేయలేని సెక్టార్లు. కుడిపక్క రా (ముడి) విలువ మొత్తం సున్నాలైతే సరే. సి5 దగ్గర సున్నా కాకుండా ఏదైనా అంకె కనిపిస్తే, చదవబోతే చదవలేకపోయిన చోట్లు డిస్కులో ఉన్నాయని అర్థం. ఎస్‌ఎస్‌డీ అయితే ఆరోగ్యం శాతంలో చూపిస్తుంది.

సి5 పెరిగిన డిస్కు మీద చాలామంది మొదట చేసే పని, డిస్కులో తప్పులు వెతికే చెక్‌డిస్క్ కమాండ్‌ని /ఆర్ పెట్టి నడపడం. దయచేసి ఆ పని చెయ్యకండి, కనీసం బ్యాకప్ అయ్యేదాకా. అది డిస్కు మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిస్తుంది, దొరకని ముక్కలున్న ఫైళ్లకు తనకు తోచిన రిపేర్ చేస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్కుతో పరుగు పందెం పెట్టించినట్టు. అలాంటప్పుడు మళ్లీ దొరకనివి ముందు తియ్యాలి: ఫోటోలు, సొంతంగా రాసుకున్నవి, లెక్కలు. సినిమాలు, ఇన్‌స్టాలర్లు ఆఖరున. ఆ డిస్కు మీద ఇక అప్‌గ్రేడ్ ఆలోచనే వద్దు, కొత్త డిస్కు వేసి దాని మీదే నేరుగా ఇన్‌స్టాల్ చేసుకోండి.

ఏది ఎక్కడుంది

పిక్చర్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. అందులో రెండు లైన్లు కనిపిస్తాయి, "సైజ్" ఒకటి, "సైజ్ ఆన్ డిస్క్" ఒకటి. రెండూ దాదాపు సమానంగా ఉంటే ఫైళ్లు మీ దగ్గరే ఉన్నట్టు. సైజ్ 42 జీబీ, సైజ్ ఆన్ డిస్క్ 1.3 జీబీ అని ఉందంటే ఆ ఫోటోల్లో చాలావరకు మీ కంప్యూటర్‌లో లేవు. మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవ్ వాటిని క్లౌడ్‌లో, అంటే నెట్ అవతలి సర్వర్లలో పెట్టి ఇక్కడ పేర్లు మాత్రమే చూపిస్తోంది. ఫైలు పక్కన నీలం గీతల మేఘం గుర్తు ఉంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే థంబ్‌నెయిల్స్ కూడా వచ్చేస్తాయి కాబట్టి అనుమానమే రాదు.

ఇలాంటి ఫోల్డర్‌ని ఎక్స్‌టర్నల్ డిస్కుకి కాపీ చేస్తే ఒక్కొక్క ఫైలూ డౌన్‌లోడ్ అవుతూ వస్తుంది. నెట్ మధ్యలో ఆగితే కొన్ని ఎర్రర్ కొట్టి ఆగిపోతాయి. అందుకని ఒక రోజు ముందే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" పెట్టి, అన్నిటికీ నిండు ఆకుపచ్చ టిక్కు వచ్చేదాకా ఆగండి. అంత చోటు సి డ్రైవ్‌లో లేకపోతే విడతలు విడతలుగా తెచ్చుకుని కాపీ చెయ్యాలి. మ్యాక్‌లో ఇదే తంతు "ఆప్టిమైజ్ మ్యాక్ స్టోరేజ్" పేరుతో జరుగుతుంది, ఫోటోస్ యాప్‌లోనూ ఐక్లౌడ్ డ్రైవ్‌లోనూ. అది ఆన్‌లో ఉంటే మ్యాక్ సొంత బ్యాకప్ టూల్ టైమ్ మెషీన్ కూడా అసలు ఫోటోలు లేని లైబ్రరీనే బ్యాకప్ చేస్తుంది.

"అన్నీ క్లౌడ్‌లోనే ఉన్నాయిగా, ఇక బ్యాకప్ ఎందుకు?" సింక్‌ని బ్యాకప్ అనుకోవడం దగ్గరే తేడా కొడుతుంది. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది, ఇక్కడ పాడైన ఫైలు అక్కడా పాడైనదే అవుతుంది. రీసైకిల్ బిన్ గడువు లోపల గమనించుకుంటే బతికిపోతాం, అంతే.

వన్‌డ్రైవ్ ఇంకో మాయ కూడా చేస్తుంది. దాని బ్యాకప్ ఆన్ చేశాక డాక్యుమెంట్స్ ఫోల్డర్ యూజర్ పేరు కింద నుంచి వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోతుంది. పాత చోట అదే పేరుతో ఇంకో డాక్యుమెంట్స్ మిగిలి ఉండొచ్చు, అందులో పాత ఫైళ్లూ ఉండొచ్చు. 1809 మింగేసింది సరిగ్గా ఇలాంటి మిగులునే. రెండూ తెరిచి చూసుకోండి, రెండూ కాపీ చెయ్యండి.

ఇక యాప్‌డేటా, ప్రోగ్రామ్‌లు తమ సెట్టింగులు, డేటా పెట్టుకునే ఫోల్డర్. యూజర్ ఫోల్డర్ లోపల దాగి ఉంటుంది, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ ఆన్ చేస్తేనే కనబడుతుంది. మొత్తం కాపీ చేసుకోవడం ఒక పద్ధతి, కానీ దాంట్లో సగం క్యాష్ (తాత్కాలికంగా దాచిన నకళ్ల) చెత్తే. నిజంగా పనికొచ్చేవి కొన్నే. స్టిక్కీ నోట్స్ అన్నీ ప్లమ్.ఎస్‌క్యూలైట్ అనే ఒక్క ఫైల్లో ఉంటాయి, లోకల్ కింద ప్యాకేజెస్‌లో స్టిక్కీనోట్స్ పేరున్న ఫోల్డర్‌లో. థండర్‌బర్డ్ మెయిల్ మొత్తం రోమింగ్ కింద దాని ప్రొఫైల్స్ ఫోల్డర్‌లో. ఫాంట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "యూజర్లందరికీ" అని చెప్పకపోతే ఆ ఫాంట్లు విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోకి పోవు, యాప్‌డేటా లోకల్ కింద మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ వరసలో ఉంటాయి. యూనికోడ్ రాకముందు చేసిన డీటీపీ ఫైళ్లు ఉన్నవాళ్లకు ఇది ప్రాణం మీదకొచ్చే విషయం. ఆ ఫాంట్ లేకపోతే పేజీ నిండా పిచ్చి గుర్తులే.

అవుట్‌లుక్‌లో పీఎస్‌టీ, ఓఎస్‌టీ అని రెండు రకాలు. ఓఎస్‌టీ సర్వర్‌లో ఉన్నదానికి నకలు, వదిలేసినా మళ్లీ దిగుతుంది. పీఎస్‌టీ అలా కాదు. పాత పాప్3 అకౌంట్లలో మెయిల్ దిగగానే సర్వర్‌లోంచి తీసేసే అలవాటు ఉండేది కాబట్టి, ఏళ్లనాటి మెయిల్‌కి ఆ పీఎస్‌టీ ఒక్కటే దిక్కు కావొచ్చు. అవుట్‌లుక్ పూర్తిగా మూసేశాకే దాన్ని కాపీ చెయ్యాలి, తెరిచి ఉంటే ఫైలు లాక్ అయి ఉంటుంది.

బ్రౌజర్ పాస్‌వర్డ్‌ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. క్రోమ్ యూజర్ డేటా ఫోల్డర్‌ని జాగ్రత్తగా కాపీ చేసుకుంటారు, క్లీన్ ఇన్‌స్టాల్ (డిస్కు చెరిపి విండోస్ మొదటి నుంచి వెయ్యడం) చేసి తిరిగి పెడతారు, బుక్‌మార్కులు వస్తాయి, పాస్‌వర్డ్‌లు రావు. కారణం: క్రోమ్ వాటిని విండోస్ యూజర్ అకౌంట్‌కి ముడిపడిన తాళంతో భద్రపరుస్తుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్‌లో పేరు అదే పెట్టినా అకౌంట్ వేరే, తాళం వేరే. కాబట్టి సింక్ ఆన్ చేసి మరో పరికరంలో కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి, లేదా సెట్టింగ్స్‌లోంచి సీఎస్‌వీగా, అంటే మామూలు టెక్స్ట్ పట్టికగా ఎగుమతి చేసుకోవాలి. సీఎస్‌వీలో పాస్‌వర్డ్‌లు బట్టబయలుగా ఉంటాయి, పని కాగానే ఆ ఫైలు చెరిపేయాలని ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఫైర్‌ఫాక్స్‌కి ఈ గొడవ లేదు. దాని ప్రొఫైల్‌లో కీ4.డీబీ, లాగిన్స్.జేసన్ రెండూ కలిసి ఉంటే ఎక్కడ పెట్టినా తెరుచుకుంటాయి. ఒకటి ఉండి ఇంకోటి లేకపోతే మాత్రం ఉపయోగం లేదు.

యూజర్ ఫోల్డర్ దాటి బయట ఉండేవి కూడా ఉన్నాయి. పాత అకౌంటింగ్ ప్యాకేజీలు సి డ్రైవ్ మొదట్లోనే తమ పేరుతో ఫోల్డర్ పెట్టుకుంటాయి, కొన్ని ప్రోగ్రామ్‌డేటాలో దాచుకుంటాయి. అలాంటివాటికి వాటి మెనూలోనే బ్యాకప్ అనే ఆప్షన్ ఉంటే దాన్నే వాడండి. డేటాబేస్ నడుస్తుండగా దాని ఫోల్డర్‌ని కాపీ చేస్తే సగం పాతది, సగం కొత్తది కలిసిన ఫైలు వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, తెరిస్తే తెరుచుకోదు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లైతే డంప్ తీసుకోవాలి, అంటే డేటా మొత్తాన్ని ఫైలుగా ఎగుమతి చేసుకోవాలి. వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే ఇంకో కంప్యూటర్) అయితే సస్పెండ్ చెయ్యడం కాదు, పూర్తిగా షట్‌డౌన్ చేసి కాపీ చెయ్యాలి. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వాడుతుంటే, దాని లోపలి లినక్స్‌కి ఎక్స్‌పోర్ట్ కమాండ్ ఉంది, ఒక్క టార్ ఫైలుగా ఇస్తుంది.

48 అంకెలు

ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నా లోపలికి వెళ్లలేని పరిస్థితి ఒకటుంది. బిట్‌లాకర్, కీ లేకుండా డిస్కును చదవనివ్వని విండోస్ ఎన్‌క్రిప్షన్. "నేనెప్పుడూ ఆన్ చెయ్యలేదే" అంటారు. హోమ్ ఎడిషన్‌లో అది డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినప్పుడు చడీచప్పుడు లేకుండా ఆన్ అయి ఉండొచ్చు. రోజూ వాడేటప్పుడు దాని ఉనికే తెలియదు. విండోస్ 11 కోసం బయోస్‌లోకి (విండోస్ మొదలయ్యే ముందు వచ్చే మెషీన్ సెట్టింగుల్లోకి) వెళ్లి టీపీఎం అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ సెట్టింగులు మార్చినప్పుడు, లేదా బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు, మెషీన్ మారిపోయిందేమోనని అనుమానించి నీలం తెర మీద రికవరీ కీ అడుగుతుంది. కీ లేకపోతే ఆ డిస్కులో డేటా ఉన్నా లేనట్టే.

అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మేనేజ్-బీడీఈ -స్టేటస్ కొడితే ఏ డ్రైవ్‌కి ఎన్‌క్రిప్షన్ ఉందో చెబుతుంది. మేనేజ్-బీడీఈ -ప్రొటెక్టర్స్ -గెట్ సి: అంటే కీ చూపిస్తుంది. ఆరేసి అంకెల చొప్పున 8 గుంపులు, మొత్తం 48 అంకెలు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో పాత పరికరాల కీలు కూడా ఉంటాయి, కాబట్టి కీ ఐడీలో మొదటి 8 అక్షరాలు సరిపోల్చుకుని సరైనది తీసుకోవాలి. ఆ కీని అదే కంప్యూటర్‌లో టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేసుకోవడం ఇంటి తాళం ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకోవడం. కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

చేత్తో రాసుకునేవాళ్లకు ఒక చిట్కా: ప్రతి ఆరంకెల గుంపూ 11తో శేషం లేకుండా భాగింపబడేలా ఉంటుంది. 135795 అని రాసుకున్నారనుకోండి, 11తో భాగిస్తే 12345, సరిగ్గా పోయింది. ఒక అంకె తప్పు రాసినా, పక్కపక్క అంకెలు తారుమారైనా శేషం మిగులుతుంది. క్యాలిక్యులేటర్‌తో 8 భాగాహారాలు, రెండు నిమిషాల పని.

బయోస్ సెట్టింగులు ముట్టుకునే ముందు మేనేజ్-బీడీఈ -ప్రొటెక్టర్స్ -డిసేబుల్ సి: అని కొట్టి బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేస్తే ఆ నీలం తెర రాదు. సస్పెండ్ అంటే డీక్రిప్ట్ చెయ్యడం కాదు, తాళం వెయ్యకుండా తలుపు దగ్గరకు వెయ్యడం లాంటిది. క్షణాల్లో అవుతుంది.

కాపీ

డిస్కు ఎంత ఉండాలి? సి డ్రైవ్‌లో వాడిన చోటు ఎంతో చూసి దానికి ఒకటిన్నర రెట్లు పెట్టుకుంటే ఫైళ్లకూ ఇమేజ్‌కూ (డిస్కు మొత్తానికి తీసే నకలు, దాని సంగతి కింద ఉంది) మామూలుగా సరిపోతుంది, బిట్‌లాకర్ ఉంటే ఇమేజ్‌కి ఇంకా ఎక్కువ చోటు కావాలి. 1 టీబీ డిస్కు విండోస్‌లో 931 జీబీగానే కనిపిస్తుంది. కొన్నచోట మోసం జరగలేదు, డబ్బా మీద లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో. అసలు మోసం జరిగేది పెన్‌డ్రైవ్‌ల దగ్గర. అనుమానం వచ్చేంత చౌకగా దొరికే పెద్ద పెన్‌డ్రైవ్‌లలో లోపల నిజంగా ఉండే చోటు చాలా తక్కువ. నిండాక కూడా ఎర్రర్ ఇవ్వకుండా రాసినట్టే నటిస్తాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే టూల్ డ్రైవ్ నిండా డేటా రాసి, తిరిగి చదివి నిజం చెబుతుంది.

ఫార్మాట్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలూ ఎక్కదు. 500 జీబీ ఖాళీ ఉన్నా "ఫైలు మరీ పెద్దది" అంటుంది. విండోస్‌కే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్‌తో కూడా పని ఉంటే ఎక్స్‌ఫ్యాట్. పోర్టు సంగతి కూడా చూడండి. యూఎస్‌బీ 2 పోర్టులో నిజంగా వచ్చే వేగం సెకనుకు 35 ఎంబీ అటూ ఇటూ, అంటే 200 జీబీకి గంటన్నర పైనే. అదే డిస్కు యూఎస్‌బీ 3 పోర్టులో 110 ఎంబీ ఇస్తే అరగంట. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లుంటే ఈ లెక్కలేవీ పనిచెయ్యవు, ఒక్కో ఫైలు తెరిచి మూయడానికే సమయమంతా పోతుంది.

ఎక్స్‌ప్లోరర్‌లో లాగి వదలడం చిన్నచిన్న వాటికి సరే. వందల జీబీల దగ్గర అది మధ్యలో ఆగి ప్రశ్నలు అడుగుతుంది, 260 అక్షరాలు దాటిన పాత్‌ల (ఫోల్డర్ల పేర్లతో సహా ఫైలు పూర్తి చిరునామాల) దగ్గర మొరాయిస్తుంది, ఏం వదిలేసిందో చివర్లో చెప్పదు. దానికి బదులు రోబోకాపీ అనే కాపీ కమాండ్ విండోస్‌లోనే ఉంది. రోబోకాపీ, తర్వాత మూలం ఫోల్డర్, గమ్యం ఫోల్డర్, ఆపై ఈ స్విచ్‌లు: /ఇ /ఎక్స్‌జే /ఆర్:1 /డబ్ల్యూ:1 /లాగ్: పక్కన లాగ్ ఫైల్ పేరు. ఇక్కడ తెలుగులో రాశాను గానీ టైప్ చెయ్యాల్సింది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

/ఇ అంటే ఖాళీవాటితో సహా లోపలి ఫోల్డర్లన్నీ. /ఎక్స్‌జే జంక్షన్లను వదిలేస్తుంది. యూజర్ ఫోల్డర్‌లో "అప్లికేషన్ డేటా" లాంటి పాత పేర్లు నిజం ఫోల్డర్లు కావు, వేరే చోటికి దారి చూపే బోర్డులు, కొన్నయితే తాము ఉన్న ఫోల్డర్‌కే. వాటి వెంట పడితే ఎర్రర్ల వరద. /ఆర్, /డబ్ల్యూ ఎందుకంటే, ఏమీ చెప్పకపోతే రోబోకాపీ ఒక ఫైలు కోసం 10 లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి మరీ ప్రయత్నిస్తుంది. లాక్ అయిన ఒక్క ఫైలు దగ్గర 347 రోజులు! తెల్లారి లేచి చూస్తే అదే లైను మీద కూర్చుని ఉండటానికి కారణం ఇది.

నెట్‌లో ఎక్కడ చూసినా /మిర్ వాడమంటారు. నా మట్టుకు అప్‌గ్రేడ్ ముందు కంగారులో ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. మూలంలో లేనివి గమ్యంలో ఉంటే తుడిచేస్తుంది అది. రెండు పాత్‌లూ తారుమారు చేసి కొత్త ఖాళీ డిస్కును మూలంగా ఇచ్చారో, అసలు ఫైళ్లు గోవిందా. ఇంకో వింత: డి: మొత్తాన్ని ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే ఆ ఫోల్డర్ మాయమైనట్టు కనిపిస్తుంది. డ్రైవ్ మొదటి ఫోల్డర్‌కి (రూట్‌కి) ఉన్న హిడెన్, సిస్టమ్ గుణాలు కూడా కాపీ అయ్యాయి, అంతే. /ఎ-:ఎస్‌హెచ్ కలిపితే ఆ సమస్య రాదు.

అయిపోయాక వచ్చే పట్టికలో టోటల్, కాపీడ్, స్కిప్డ్, మిస్‌మ్యాచ్, ఫెయిల్డ్, ఎక్స్‌ట్రాస్ అని ఉంటాయి. చూడాల్సింది ఫెయిల్డ్. సున్నా రాకపోతే లాగ్ తెరిచి ఎర్రర్ అనే మాట వెతకండి. ఎన్‌టీయూజర్.డాట్ లాంటివి విండోస్ వాడుకుంటూ ఉంటుంది కాబట్టి ఫెయిల్ కావడం సహజం, వాటితో పని లేదు. బ్రౌజర్, మెయిల్ ఫైళ్లు ఆ జాబితాలో ఉంటే ఆ ప్రోగ్రామ్‌లు మూసేసి అదే కమాండ్ మళ్లీ కొట్టండి, మిగిలినవే కాపీ అవుతాయి.

ఇమేజ్ ఎవరికి అవసరం

ఫైళ్ల కాపీ ఉంటే ఫైళ్లు తిరిగొస్తాయి. ప్రోగ్రామ్‌లు, వాటి యాక్టివేషన్లు, సెట్టింగులు రావు. ఇన్‌స్టాలర్ దొరకని పాత సాఫ్ట్‌వేర్, కంపెనీయే మూతబడిన స్కానర్ డ్రైవర్ లాంటివి ఉంటే డిస్కు మొత్తానికి ఇమేజ్ తీసుకోవాలి. కంట్రోల్ ప్యానెల్‌లో "బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)" ఇంకా పనిచేస్తుంది కానీ మైక్రోసాఫ్ట్ 2017లోనే దాన్ని పక్కన పెట్టేసింది. చాలామంది వాడిన మ్యాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌కి 2024 జనవరితో మద్దతు ఆగిపోయింది. క్లోన్‌జిల్లా, దానికి తేలికపాటి ముఖం తొడిగినట్టుండే రెస్క్యూజిల్లా ఉచితంగా ఉన్నాయి. రెండూ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతాయి. బిట్‌లాకర్ ఉన్న పార్టిషన్‌ని అవి చదవలేవు, ఖాళీ చోటుతో సహా ఉన్నదున్నట్టు దించుతాయి, ఇమేజ్ డిస్కంత అవుతుంది. క్లోన్‌జిల్లా మామూలుగా అసలు డిస్కు కంటే చిన్న డిస్కు మీదికి రీస్టోర్ చెయ్యదు, ఇది కూడా ముందే గుర్తుంచుకోవాలి.

ఇమేజ్ తియ్యడానికి వాడిన పెన్‌డ్రైవ్‌తో ఒకసారి బూట్ చేసి, ఎక్స్‌టర్నల్ డిస్కులో ఇమేజ్ కనిపిస్తోందా అని చూడండి. అప్‌గ్రేడ్ పాడయ్యాక, ఇంకో కంప్యూటర్ దొరకనప్పుడు, ఆ పెన్‌డ్రైవ్ బూట్ కాదని తెలియడం కంటే ఇప్పుడే తెలియడం మేలు.

తెరిచి చూడటం

కాపీ అయిన వెంటనే ఫైళ్లు తెరిచి చూస్తే అవి డిస్కు నుంచి కాక మెమరీలోని క్యాష్ నుంచి రావొచ్చు. అందుకని డిస్కును ఎజెక్ట్ చేసి, ఊడదీసి, వీలైతే వేరే కంప్యూటర్‌కి పెట్టి చూడాలి. ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండు వైపులా పోల్చండి. పెద్ద వీడియో తెరిచి చివరి నిమిషానికి జరపండి. జిప్ ఫైలుకి 7-జిప్‌లో టెస్ట్ నొక్కండి. పీఎస్‌టీని అవుట్‌లుక్‌లో తెరవండి. పేరు బాగుండి లోపల సున్నాలు నిండిన ఫైళ్లు సైజు చూస్తే దొరకవు, తెరిస్తేనే దొరుకుతాయి. ఫ్రీఫైల్‌సింక్‌లో ఫైళ్ల లోపలి డేటాను పోల్చే పద్ధతి ఉంది, రెండు వైపులా ప్రతి బైటూ చదువుతుంది కాబట్టి కాపీకి పట్టినంత సేపు పడుతుంది. రాత్రి పెట్టి పడుకోవచ్చు. నిద్రలోకి జారకుండా లాప్‌టాప్ స్లీప్ సెట్టింగ్ మాత్రం ఆపెయ్యండి.

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇక్కడ పనికొస్తుంది: మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, ఒకటి వేరే చోట. అప్‌గ్రేడ్ జరుగుతున్న కొన్ని గంటలు మాత్రం అసలు కాపీ ప్రమాదంలో ఉంటుంది, అప్పుడు మీ చేతిలో ఉన్నది ఒక తక్కువే. మళ్లీ దొరకని వాటికైనా రెండో డిస్కు ఉంచుకోండి.

మ్యాక్, లినక్స్ వాళ్లకు

మ్యాక్‌లో టైమ్ మెషీన్ దాదాపు అన్నీ చూసుకుంటుంది. డిస్కు మ్యాక్ స్టోరేజ్‌కి రెట్టింపు ఉండాలని ఆపిల్ చెబుతుంది. ఆప్షన్స్‌లో మినహాయింపుల జాబితా ఒకసారి తెరవండి, ఎప్పుడో పక్కన పెట్టిన ఫోల్డర్లు అక్కడ కనిపించవచ్చు. డిస్కు పెట్టకపోయినా కనిపించే లోకల్ స్నాప్‌షాట్లు మ్యాక్ లోపలి డిస్కు మీదే ఉంటాయి, వాటిని నమ్ముకోకూడదు. విండోస్‌లా 10 రోజుల గడువు ఇక్కడ లేదు. పాత వెర్షన్‌కి వెళ్లాలంటే డిస్కు చెరిపి పాతది వేసి బ్యాకప్ నుంచి తెచ్చుకోవాలి. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్‌ని పాత దాంట్లోకి మైగ్రేషన్ అసిస్టెంట్ తీసుకోదు, కాబట్టి అప్‌గ్రేడ్‌కి ముందు తీసిన ఆఖరి బ్యాకప్ తేదీ గుర్తుంచుకోండి.

లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ టూల్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. అది సిస్టమ్ ఫైళ్ల కోసం, హోమ్ ఫోల్డర్లను మామూలుగా వదిలేస్తుంది. హోమ్‌కి ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్ వేరేగా కొట్టాలి. మూలం చివర స్లాష్ పెడితే లోపలున్నవి మాత్రమే వెళ్తాయి, పెట్టకపోతే ఫోల్డరే వెళ్తుంది. గమ్యం ఎక్స్‌ఫ్యాట్ అయితే ఓనర్లు, పర్మిషన్లు, సింబాలిక్ లింకులు పోతాయి, ఈఎక్స్‌టీ4 డిస్కు వాడండి లేదా టార్ చేసి పెట్టండి. /ఈటీసీ ఫోల్డర్, ఏపీటీ-మార్క్ షోమాన్యువల్ కమాండ్ ఇచ్చే ప్యాకేజీల జాబితా కూడా దాచండి. అప్‌గ్రేడ్ సమయంలో పీపీఏలు (మీరు చేర్చుకున్న బయటి సాఫ్ట్‌వేర్ మూలాలు) ఆపివేయబడతాయి, ఏవేవి ఉండేవో తర్వాత ఆ కాపీయే చెబుతుంది. 20.04 నుంచి 24.04కి ఒక్క గెంతు వెయ్యడం కుదరదు, 22.04 మీదుగానే. రెండు మెట్లకూ మధ్య ఇంకో బ్యాకప్ తీసుకోవడం చాదస్తమేమీ కాదు.

మొదలుపెట్టే ముందు

బ్యాకప్ డిస్కు ఊడదీయండి. క్లీన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పార్టిషన్ల స్క్రీన్‌లో డ్రైవ్ 0, డ్రైవ్ 1 అని అంకెలే ఎక్కువగా కనిపిస్తాయి, సి, డి అక్షరాలు ఉండవు. రెండు డిస్కులూ 931 జీబీ అయితే ఏది ఏదో దేవుడికే తెలియాలి. డెస్క్‌టాప్‌లో రెండో లోపలి డిస్కు ఉంటే దాని కేబుల్ కూడా తీసేయడమే మంచిది.

వైఫై డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, కొత్త విండోస్‌కి నెట్ దొరక్కపోతే మిగతా డ్రైవర్లు దించుకునే దారే ఉండదు. పీఎన్‌పీయుటిల్ కమాండ్‌లోని ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ ఆప్షన్ ఇప్పుడు వాడుతున్న బయటి డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్‌లో పడేస్తుంది. వింగెట్ ఎక్స్‌పోర్ట్ అనే కమాండ్ ప్రోగ్రామ్‌ల జాబితా ఇస్తుంది. ఇన్ని కంప్యూటర్లలోనే వాడాలని లెక్క ఉన్న సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే ఇక్కడ డీయాక్టివేట్ చేసి రండి. రెండంచెల లాగిన్‌కి వాడే రికవరీ కోడ్‌లు కాగితం మీద ఉన్నాయో లేదో చూసుకోండి.

అప్‌గ్రేడ్ అయి, అంతా బాగానే ఉందనిపించినా ఆ డిస్కును వేరే పనికి వాడకండి. రోజూ తెరిచేవి మొదటి రోజే చూసుకుంటాం. నెలకోసారి, ఏడాదికోసారి తెరిచే ఫైళ్లు లేవని తెలిసేది వాటి అవసరం వచ్చినప్పుడే, అప్పటికి విండోస్.ఓల్డ్ ఉండదు. పాస్‌వర్డ్‌ల సీఎస్‌వీ ఒక్కటి మాత్రం ఆ రోజే చెరిపేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా.